మధ్య ఈక నుంచి

ఎంబ్రాయిడరీ దుకాణంలో కంప్యూటరు సోమవారం పొద్దున ఆగిపోయింది. ఇరవై ఏళ్ళు నడిచిన యంత్రం. పెద్దకోడలు మీట నొక్కితే ఫ్యాను రెండు చుట్లు తిరిగి ఊరుకుంది. మూడుసార్లు నొక్కింది, ఒకసారి పక్కన చరిచింది, ఆ తర్వాత మరిదికి ఫోన్ చేసింది.

అగ్నిమాపక కేంద్రం వాళ్ళ చొక్కాలు నలభై, శుక్రవారానికి ఇవ్వాలి. కేంద్రం పెట్టి ఇరవై ఏళ్ళయింది కాబట్టి మొదటి రోజున వేసుకున్న గుర్తే మళ్ళీ కావాలన్నారు. నిచ్చెన, దాని మీద రెక్క చాచిన పక్షి. ఆ డిజైను ఆగిపోయిన కంప్యూటర్లో ఉంది. మెషిన్లు అమ్మే దుకాణం వాళ్ళు పాత చొక్కా మీది గుర్తును ఫొటో తీసి, కొత్త ప్రోగ్రాంలో వేసి ఇచ్చారు. కుట్టి చూస్తే రెక్క దగ్గర గుడ్డంతా ముడుచుకుపోయింది. పాత ఫైళ్ళు కొత్త ప్రోగ్రాంలో తెరుచుకోవన్నారు. పాత ప్రోగ్రాం కొత్త కంప్యూటర్లో ఎక్కదన్నారు. ఆ కంప్యూటర్లో అలాంటి డిజైన్లు నాలుగు వందల పైచిలుకు ఉన్నాయి. అవి పోతే దుకాణంలో మిగిలేది మెషినూ దారాలూ.

మరిది కాలేజీ ఆఫీసులో కంప్యూటర్లు చూస్తాడు. అక్కడ నూట ఇరవై ఉన్నాయి, అన్నిట్లోనూ లినక్స్ అనే ఉచిత సిస్టమ్ ఎక్కించింది అతనే. మర్నాడు మధ్యాహ్నం కాలేజీ తీసేసిన కంప్యూటరు ఒకటి చంకలో పెట్టుకుని వచ్చాడు. పాతదాని డిస్కు ఊడదీసి దీనికి తగిలించాడు.

"పాత ప్రోగ్రాం ఎక్కడం అసాధ్యమన్నాడయ్యా ఆ అమ్మేవాడు," అంది పెద్దకోడలు.

"అమ్మేవాడు అంతకంటే ఏమంటాడు వదినా? నీ ప్రోగ్రాం వేరే సిస్టమ్ కోసం పుట్టింది. దీని భాష దానికి రాదు. అందుకని మధ్యలో ఒక దుబాసీని కూర్చోబెడుతున్నా. అది అడిగింది ఇటు చెప్తాడు, ఇటు చెప్పింది అటు చెప్తాడు. అది మాత్రం ఇంకా పుట్టింట్లోనే ఉన్నాననుకుంటుంది."

"అదృష్టవంతురాలు," అంది పెద్దకోడలు.

ప్రోగ్రాం తెరుచుకుంది. అదే బూడిదరంగు కిటికీ, మూలన అవే సూదీదారం బొమ్మలు. ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుని ఫైళ్ళ జాబితా తెరిచింది. జాబితాలో ఒక్క పేరూ లేదు.

ఆవిడ మౌసు మీద నుంచి చేయి తీసేసింది. "పోయాయి."

"పోలేదు. ఉండు."

"ఏమీ లేకపోతే పోలేదంటావేంటి?"

"ఈ సిస్టమ్‌లో ప్రోగ్రాంలను ఎవరి గదిలో వాళ్ళను పెట్టాను వదినా. ఒకటి పాడైతే ఇంకోదానికి అంటుకోదు. గదిలోంచి చూస్తే బయటివేవీ కనిపించవు. ఫలానా బీరువా దీనికి చూపించమని మనం చెప్పాలి, అంతే. వేరు కాపురం అనుకో. ఒకే ఇల్లు, ఎవరి పొయ్యి వాళ్ళది."

అన్నాక నాలుక కరుచుకున్నాడు.

ఆ ఇంటికి కోడళ్ళు ఇద్దరు. చిన్నకోడలు ఈ మరిది పెళ్ళామే. అత్తగారు పిలిచిన పిలుపులే వీధిలో వాళ్ళకు పేర్లయ్యాయి. ఇద్దరూ కలిసే ఈ దుకాణం పెట్టారు. రెండు మెషిన్లు, ఒక కంప్యూటరు, ఒక బల్ల. డిజైను పూర్తయ్యాక అది ఏ కుట్టు తర్వాత ఏ కుట్టు వేస్తుందో ప్రోగ్రాం తెర మీద గీసి చూపించేది. అగ్నిమాపక కేంద్రం గుర్తుకు పదకొండు నిమిషాలు పట్టేది. ఆ పదకొండు నిమిషాలూ చేయడానికి పనేమీ ఉండేది కాదు. ఇద్దరూ తెర సంగతి మరిచి బల్ల మీద ఇరుక్కుని కూర్చునేవారు. చిన్నకోడలు అత్తగారి నడక నడిచి చూపించేది. ఎవరి పిల్లలు ఎవరిని కొట్టారో అప్పుడే తేలేది. రోజు మొత్తంలో వాళ్ళు కూర్చునేది ఆ కాసేపే.

ఇరవై ఏళ్ళ కిందట కేంద్రం అధికారి సిబ్బందితో వచ్చి, మొదటి చొక్కా చూసి, రెక్క మీద బొటనవేలు పెట్టి, "ఇది ఎవరు చేశారు?" అని అడిగాడు. "నేనే," అంది పెద్దకోడలు. మూడు రోజులు ఆ రెక్క మీదే కూర్చుంది మరి. చిన్నకోడలు సూదిలోకి దారం ఎక్కిస్తూ తల ఎత్తి, మళ్ళీ దించుకుంది. రెండు నెలలకు తన మెషిన్ తీసుకుని ఊరవతల వేరే దుకాణం పెట్టుకుంది. ఇల్లు దూరమవుతోందని చెప్పింది. తనకు మంచి పేరు రావడం చిన్నకోడలు ఓర్వలేక వెళ్ళిందని పెద్దకోడలు చుట్టాలందరికీ చెప్పింది. ఇరవై ఏళ్ళుగా పెళ్ళిళ్ళలో కలుస్తారు, బాగున్నావా అంటే బాగున్నావా అనుకుంటారు.

మరిది ప్రోగ్రాంకి పాత డిస్కు చూసే అనుమతి ఇచ్చాడు. జాబితాలో పేర్లు వరసగా దిగాయి. ఆవిడ కేంద్రం గుర్తు తెరిచి, కుట్ల వరస చూపించమని నొక్కింది. అప్పటికీ ఇప్పటికీ చొక్కా గుడ్డ మారింది. ఏది ముందు కుట్టాలో చూసుకోవాలి. కన్ను మూసి తెరిచేలోగా పక్షి మొత్తం తెర మీద నిలబడింది.

"అయిపోయిందా?"

"పాత కంప్యూటరు వేగాన్ని నమ్ముకుని రాసిన ప్రోగ్రాం కదా. ఇప్పుడు గుర్రమెక్కింది. పగ్గం వేస్తా ఆగు."

కంప్యూటరు శక్తిలో వందో వంతు మాత్రమే దానికి అందేలా కట్టాడు. ఈసారి కుట్లు ఒకటొకటిగా పడ్డాయి. నిచ్చెన ఎడమ నుంచి మొదలైంది. పక్షి ఒళ్ళు కూడా ఎడమ నుంచే. పెద్దకోడలు పని అంతే, ఎడమ అంచున మొదలుపెట్టి రాత రాసినట్టు కుడికి పోతుంది. ఆ తర్వాత గీత ఎగిరి రెక్క నడుమకు పోయింది. మధ్య ఈక నిండింది. దాని పైన ఒకటి, కింద ఒకటి. మళ్ళీ పైన ఒకటి, కింద ఒకటి. గుడ్డలోని వదులు అంతా అంచులకు జరిగిపోయేలా.

"ఆపు," అంది. "మళ్ళీ రెక్క దగ్గర్నుంచి పెట్టు."

మళ్ళీ పెట్టాడు. మళ్ళీ మధ్య ఈక నుంచే.

అలా కుట్టే మనిషి ఆవిడకు తెలిసి ఒక్కతే, చిన్నకోడలు. అప్పట్లో మూడో రోజు సాయంత్రం రెక్క ముడతలు పడితే పెద్దకోడలు గుడ్డ విసిరికొట్టి, కుట్ల కొలతల్లో ఏవో రెండు అంకెలు మార్చి, చిన్నకోడల్ని దుకాణంలోనే వదిలి, జ్వరంతో ఉన్న పిల్లాడి దగ్గరికి వెళ్ళిపోయింది. తెల్లారి వచ్చి కుట్టిస్తే రెక్క చక్కగా వచ్చింది. తాను మార్చిన అంకెలే పనిచేశాయనుకుంది.

"నీకు తెలుసా?" అని అడిగింది మరిదిని.

"తెలుసు."

"ఇరవై ఏళ్ళ నుంచీనా?"

"అటు పెళ్ళాం, ఇటు వదిన. నోరు విప్పితే రెండిళ్ళలోనూ నాకు అన్నం పుట్టదు. దానికి తోడు తను ఒట్టు వేయించుకుంది."

పెద్దకోడలు ఫోను తీసింది. అవతల మెషిన్ చప్పుడు, తర్వాత చిన్నకోడలి గొంతు. "చెప్పక్కా. అందరూ బాగేనా?"

"ఆ రెక్క నీది."

మెషిన్ చప్పుడు ఆగింది. "ఏ రెక్క?"

"నీకు తెలీదూ?"

"నాకు తెలుసు. నీకెలా తెలిసిందని."

"కంప్యూటరు చూపించింది. మధ్య ఈక నుంచి."

"బాగుందమ్మా. మనిషి మొహం చూస్తే తెలియనిది మిషను చెప్తే తెలిసింది."

"నువ్వు అప్పుడే అనొచ్చుగా."

"నువ్వు నేనే అన్నాక, అంతమందిలో కాదని ఎలా అనను? రెండు నెలలు చూశాను, నువ్వే అడుగుతావని."

పెద్దకోడలు కొంగుతో మొహం తుడుచుకుంది. మరిది అవసరం లేకపోయినా వెళ్ళి వీధి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఆ అధికారి రిటైరయ్యాడు. శుక్రవారం వస్తాడట. ఆయనకి నేనే చెప్తాను," అంది. "చుట్టాలకి కూడా."

"చుట్టాలకి వద్దులే, వాళ్ళకి కాలక్షేపం పోతుంది." తర్వాత చిన్నకోడలే అడిగింది. "గుడ్డ ఏ రకం?"

"మందం. పాతదానికి రెట్టింపు."

"అయితే ఆ ఫైలు అలాగే కుట్టకు. అడుగు కుట్టు చాలదు. మధ్య ఈక కింద ఇంకో వరస వెయ్యాలి. ఎన్ని చొక్కాలు?"

"నలభై."

"శుక్రవారానికి ఒక్క మెషిన్ మీద ఎలా అవుతాయి? ఇరవై ఇటు పంపు. అతను అక్కడే ఉన్నాడుగా, మోసుకొస్తాడు. ముందు ఆ మధ్య ఈక తెరువు, అంకెలు చెప్తా."

పెద్దకోడలు ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, మౌసు అందుకుంది.