పూజలో ఉన్న తాళంచెవి

నేను ఒక తాళం కప్పను. పుట్టింది అలీగఢ్‌లో, ఉద్యోగం ఉత్తరాంధ్రలోని ఒక ఆసుపత్రి అత్యవసర విభాగంలో. శత్రువులెవరైనా రోగక్రిములను ఆయుధంగా ప్రయోగిస్తే ఎదుర్కోవడానికి అక్కడ బీరువా నిండా రక్షణ దుస్తులు సమకూర్చారు. వాటిని ఎవరు ఎత్తుకుపోతారోనని నన్ను తగిలించారు. క్రిములకన్నా దొంగలకే ఎక్కువ భయపడే ఈ మనుషులంటే నాకు మొదటినుంచీ ముచ్చటే.

కాపలాదారు సన్యాసినాయుడు శుక్రవారం శుక్రవారం నాకు నూనె వేసి, బొట్టు పెట్టేవాడు. నూనె వల్ల ప్రయోజనం నాకు తెలుసు. బొట్టు సంగతి అతనికే తెలియాలి.

మహర్నవమినాడు స్టోరు గుమస్తా కామేశంగారు నా తాళంచెవిని ఇంటికి తీసుకెళ్లి ఆయుధపూజలో పెట్టారు. అలా పెట్టినదాన్ని మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా కదపరాదని ఆచారం. ఆ మధ్యాహ్నమే పార్సిలు ఆఫీసు కూలీ పైడిరాజు ఒళ్లంతా తెల్లటి పొడితో, ఎగశ్వాసతో వచ్చాడు. చిరిగిన మూటలోంచి మీద పడిందట.

నాయుడు, తనకు నేర్పినట్టే, అతణ్ణి గుమ్మం బయట ఆపాడు. అనుమానపు పొడి అంటినవాణ్ణి రక్షణ దుస్తులు లేకుండా ముట్టరాదు. పైడిరాజు పెదవులు నీలం తిరుగుతున్నాయి. హెడ్ నర్సు సలోమి కామేశంగారికి ఫోన్ చేసింది.

“పూజలో ఉన్నదాన్ని ఎలా కదుపుతానమ్మా? రేపు పొద్దున్నే తెస్తాగా!”

“రేపటికి మీ చెవికి బీరువా ఉంటుంది గానీ, మాకు మనిషుండడండీ!”

ఫోన్ పెట్టేసి ఆమె ఉత్త చేతులతోనే గుమ్మం దాటబోయింది. నాయుడు అడ్డం నిలిచాడు.

“ఆగమ్మా! నువ్వూ పడిపోతే ఆడిని ఎవులు సూత్తారు?”

“అయితే ఆ కప్ప సంగతి చూడు. బొట్లు పెట్టింది చాలు!”

గోడకున్న మంటలార్పే సిలిండరును నాయుడు రెండు చేతులా ఎత్తాడు. “తప్పు కాయి తల్లీ” అని నన్నే వేడుకుని, నన్నే కొట్టాడు. నా కొంకి తెగి పడింది.

సలోమి దుస్తులు తొడుక్కుని ఆక్సిజన్ పెట్టింది. కాసేపటికి పైడిరాజు ఊపిరి నిలదొక్కుకుంది. పరీక్షిస్తే ఆ పొడి ఏదో ఆశ్రమం భక్తులకు పంపిన విభూతి. అందులో క్రిములేవీ లేవు. అతని పాత ఉబ్బసానికి ఆ దుమ్మే చాలింది. శత్రువు రాలేదు గానీ, మనిషి పోయేవాడే.

మర్నాడు కామేశంగారు కుంకుమ పూసిన తాళంచెవితో వచ్చి, “కప్పేదీ?” అన్నారు.

“సెవి దాసుకోండి బాబూ, మళ్లీ పూజకి పనికొత్తాది,” అన్నాడు నాయుడు.

ఇప్పుడు బీరువాకు గడియ ఒక్కటే. ఇంతవరకు ఒక్క దుస్తూ పోలేదు. నేను సలోమి బల్లమీద కాగితాలు ఎగిరిపోకుండా కూర్చున్నాను. శుక్రవారం నాయుడు నాకు బొట్టు పెట్టడం మానలేదు. నూనె మాత్రం ఆ గడియకు వేస్తున్నాడు. అంత వివేకం నాకు చాలు.