నీటికాకి కడుపులో కత్తిమొన

నేను ఒక యుద్ధవిమానాన్ని. హడలిపోకండి, నా పొడవు జానెడే. నా తుపాకులు పేలవు, నా ఇంజనులో గాలి తప్ప మరేమీ లేదు. నన్ను చూసి ఇంతవరకు జడుసుకున్నది గోడమీది బల్లి ఒక్కటే. భయం సంగతికొస్తే, పడినదాన్ని నేనే. నన్ను చేసిన తాతారావు గారు నాకంటే ఎక్కువే పడ్డారు.

పుట్టుకతో నేను నేలమీది విమానాన్ని. బూడిదరంగు ప్లాస్టిక్ చట్రాలకు అంటుకుని, తొంభై చిల్లర ముక్కలుగా, ఒక అట్టపెట్టెలో విశాఖపట్నం వచ్చాను. పెట్టె మీద నా జాతి పేరు 'గద్ద' అని రాసి ఉండేది. నా తోబుట్టువులు ఎందరో ఎవరెవరి బల్లల మీదో బుద్ధిగా గద్దలై కూర్చుని ఉంటారు. నా రాత వేరు.

తాతారావు గారిది మల్కాపురం. యాభై ఏడేళ్ళ మనిషి. వయసులో ఉండగా ఓడ మీద విమానాలకు మరమ్మతులు చేశారు. ఆ ఉద్యోగం ముగిశాక ఒక విమానాల షెడ్డులో పెద్ద మెకానిక్కుగా అదే పనిలో ఉన్నారు. ఓడ మీద విమానం దిగడమంటే పరుగు తీయడానికి నేల ఉండదు. తోకకున్న కొక్కెం అడ్డంగా కట్టిన తీగకు తగులుకుంటే ఆగుతుంది, తగులుకోకపోతే ముందున్నది సముద్రమే. గద్దకు కొక్కెం పెట్టి, ఇరుకులో రెక్కలు ముడుచుకునేలా మడతబందులు వేసి ఓడ ఎక్కించాలని ఆయనకు ఏనాటిదో కోరిక. ఏ దేశమూ ఆ పని చేయలేదు. అందుకని ఆయనే నన్ను చేయడానికి కూర్చున్నారు. పేరు ముందే పెట్టేశారు, నీటికాకి అని.

"పోయి పోయి ఇమానానికి కాకి పేరేటండీ?" అని నవ్వింది ఆయన భార్య నూకరత్నం.

"మునిగినా మళ్ళీ పైకి లేస్తాదే అది. నీకేటి తెలుసు" అన్నారాయన.

ఇది పైకి చెప్పిన కారణం. అసలు కారణం నాకు తెలుసు, ఎందుకంటే ఆయన వేళ్ళ మధ్య ఉన్నదాన్ని నేను. ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. మొదట్లో చిటికెనవేలు ఒక్కటే వణికేది, తర్వాత బొటనవేలూ మొదలెట్టింది. నా మడతబందు ఒక్కొక్కటీ పెసరగింజంత ఉంటుంది. వాటిని తిన్నగా అతికించగలిగితే చెయ్యి బాగున్నట్టేనని ఆయన తనకు తాను పరీక్ష పెట్టుకున్నారు. ఆ పరీక్ష కాగితాన్ని నేను. ఇంట్లో "టీ సగమే పొయ్యి" అనేవారు. షుగరు భయం కాబోలు అనుకుని నూకరత్నం సంతోషించింది. షెడ్డులో వణుకు వచ్చినప్పుడల్లా ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, ఎవరైనా చూస్తే వాచీ సర్దుకుంటున్నట్టు నటించేవారట. మనుషులు విమానంలో వెంట్రుకవాసి పగులును కూడా కనిపెడతారు. తమలో పగులు కనబడితే మాత్రం వాచీ సర్దుకుంటారు.

షెడ్డులో ఒక పద్ధతి ఉంది. గోడకు పెద్ద చెక్క, దాని మీద ప్రతి పనిముట్టు ఆకారమూ రంగుతో గీసి ఉంటుంది. పని ముగిశాక ఎక్కడి పనిముట్టు అక్కడ తగిలిస్తారు. ఒక్క ఆకారం ఖాళీగా కనబడినా విమానం కదలడానికి లేదు. మరిచిపోయిన చిన్న ముక్క తోకనూ రెక్కలనూ కదిపే ఏ కడ్డీల మధ్యనో ఇరుక్కుంటే గాల్లో పైలట్ చేతికి విమానం లొంగదు. ఆయన ఇంట్లో కూడా నాకోసం అలాంటి చెక్కే తయారు చేసుకున్నారు. పట్టకారు, ఆకురాయి, బ్లేడుకత్తి, అన్నింటి ఆకారాలూ పెన్సిలుతో గీసి పెట్టారు. నూకరత్నం ఒకసారి దాని మీద చిక్కుళ్ళు ఆరబోసిందని ఆ పూట అన్నం మానేశారు.

గురువారం సాయంత్రం ఆయన బ్లేడుకత్తితో నా పొట్ట లోపలి గరుకు గీకుతున్నారు. చెయ్యి అదిరింది. టక్కుమంది. కత్తిమొన విరిగి నా ముక్కు దాపున, వలకు కట్టే సీసపు గుండు పక్క సందులోకి జారింది. నేను వెనక్కి ఒరిగిపోకుండా ఆయన బరువుకు పెట్టిన గుండు అది. ఆయన ఒక్క క్షణం ఆగారు. చప్పుడు విన్నారని నాకు తెలుసు. తర్వాత కత్తిని తీసుకెళ్ళి దాని ఆకారంలో దాన్ని తగిలించారు. చెక్క మీద ఖాళీ ఏమీ లేదు, లెక్క సరిపోయింది. కత్తి చివర మాత్రం చూడలేదు. శుక్రవారం నా రెండు సగాలనూ కలిపి, జిగురు పెట్టి మూసేశారు. కడుపులో చల్లగా ఇనుము పెట్టుకుని, నోరు లేనందుకు నన్ను నేను తిట్టుకుంటూ పడి ఉన్నాను.

ఆదివారం మధ్యాహ్నం రంగు వేద్దామని నన్ను ఎత్తారు. కడుపులో గలగలమంది.

ఆయన మళ్ళీ ఊపారు.  చెక్క దగ్గరికి వెళ్ళి కత్తి తీసి చూశారు. మొన లేదు. కుర్చీలో కూలబడి నన్ను గుండెకు ఆనించుకున్నారు. ఆ గుండె కొట్టుకోవడం నా రెక్కలదాకా తెలిసింది. నన్ను పగలగొడతారని నేను బిక్కచచ్చి ఉన్నాను. ఆయన భయం నా గురించి కాదు.

"రత్నం, నిన్న కూడా ఒక చప్పుడయిందే" అన్నారు.

"నిన్నెక్కడ?"

"షెడ్డులో. నట్లు వదులవకుండా తీగ చుట్టి కొసలు కత్తిరిస్తాం. పైలట్ సీటు కింద, కడ్డీల కాడ. కోసిన ముక్కలు డబ్బాలో వెయ్యాలి. ఒకటి చేతిలోంచి ఎగిరింది. దొరికిందో లేదో... దొరికిందిలే అనుకుని మూత బిగించీసేను. సంతకం కూడా పెట్టీసేను."

"మరిప్పుడేటి?"

"రేపు పొద్దున్న తొమ్మిదింటికి అది ఎగురుతాది."

నూకరత్నం వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. ఆవిడ కళ్ళు ఆయన చేతి మీద నిలిచాయి. నేను ఆ చేతిలో గలగలమంటూనే ఉన్నాను. సగం టీ సంగతి ఆవిడకు అప్పుడు తెలిసింది.

"చెప్తే మరింక పనిముట్టు ముట్టుకోనివ్వరు నన్ను" అన్నారాయన. ఆ గొంతులో ఉన్నది ఏడుపే. ముప్పై ఎనిమిదేళ్ళు ఆయనకు ఆ చేతులే పేరు, ఆ చేతులే పరువు. ఇప్పుడు చెబితే అవి రెండూ పోతాయి. చెప్పకపోతే, సీటు కింద తీగముక్కతో ఒక కుర్రాడు సముద్రం మీదికి వెళతాడు.

ఆవిడ చెప్పులు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

నన్ను తువ్వాలులో చుట్టి సంచిలో వేసుకుని, ఆయన షెడ్డు అధికారి పట్నాయక్ గారింటికి నడిచారు. అడుగు అడుగుకీ నా కడుపులో ఆ మొన మోగుతూనే ఉంది. మధ్యలో రెండుసార్లు ఆగారు. ఒకసారి వెనక్కి తిరిగారు కూడా. నాకు నిజంగా భయం వేసింది అప్పుడే. పది అడుగులు వేశాక మళ్ళీ ఇటు తిరిగారు.

పట్నాయక్ గారు నన్ను చూసి ముచ్చటపడ్డారు. "కొక్కెం పెట్టారే! మీ చేతిపనికి తిరుగులేదు తాతారావు గారూ."

"ఒక్కసారి వినండి సార్" అని తాతారావు గారు నన్ను ఊపారు. "లోపల కత్తిమొన ఉంది. విరిగిందని తెలుసు, తెలిసే మూసీసేను. నిన్న షెడ్డులోనూ ఇలాగే ఒక చప్పుడు విన్నాను."

పట్నాయక్ గారి నవ్వు పోయింది. "ఏ విమానం?"

"రేపు తొమ్మిదింటిది."

"సంతకం పెట్టారు కదండీ! మీరా? ఎందుకు?"

ఆయన నన్ను బల్ల మీద పెట్టి, కుడిచెయ్యి చాపి చూపించారు.  తర్వాత పట్నాయక్ గారు ఫోను తీశారు.

మర్నాడు ఆ విమానం ఎగరలేదు. సీటు ఊడదీసి, మూతలన్నీ విప్పి వెతికారట. సాయంత్రం ఆయన ఇంటికొచ్చేసరికి నూకరత్నం శనివారం ప్యాంటు నానబెట్టబోతూ, కాలి కింద మడతలోంచి గోటిముక్కంత తీగ తీసి పట్టుకుని ఉంది.

"ఇదేనా మీరు పడేసుకున్నది?"

అదే. విమానంలో పడనే లేదు. ఆయనతోపాటే ఇంటికొచ్చి, రెండ్రోజులు ప్యాంటుతోపాటు గోడ కొక్కేనికి వేలాడింది.

"అయ్యో, గమ్మునుండిపోతే మీ పని మీకుండేది కదండీ" అంది ఆవిడ.

ఆయన ఆ ముక్కను అరచేతిలో వేసుకుని నవ్వబోయారు, నవ్వు రాలేదు. "అక్కడ ఇంకోటి దొరికిందే. తుప్పు పట్టిన నట్టు. కడ్డీల కీలు పక్కనే ఉంది. ఎప్పటిదో, ఎవడిదో, నాదంటే నాదని ఎవడూ ఒప్పుకోలేదు. నేను గమ్మునుంటే అది గమ్మునుండేది కాదు."

ఆ వారంలోనే డాక్టరు వణుకుకు ఒక పేరు చెప్పాడు. షెడ్డులో ఆయన చేతిలోంచి పనిముట్లు తీసుకుని, కొత్తవాళ్ళకు పని నేర్పే గదిలో కుర్చీ వేశారు. నన్ను కూడా ఆయన అక్కడికే తీసుకెళ్ళారు. నాకు రంగు వేయలేదు. ఎడమ రెక్క మడతబందు ఇప్పటికీ వంకరే. నన్ను పగలగొట్టి మొన తీసేయమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. ఆయన ఒప్పుకోలేదు. అయినా సలహా విన్న ప్రతిసారీ నా ప్రాణం గుప్పిట్లోకి వచ్చేది.

కొత్త జట్టు వచ్చిన మొదటిరోజు ఆయన పాఠం నాతోనే మొదలవుతుంది. మొదటి ఏడాది నన్ను పైకెత్తి, చెవి దగ్గర ఊపి, "ఏం వినబడుతోంది?" అని అడిగేవారు. ఈమధ్య ఊపడం మానేశారు. నన్ను అరచేతిలో పెట్టుకుని ఊరికే నిలబడతారు. గది నిశ్శబ్దమవుతుంది. నా కడుపులో మొన దానంతటదే గలగలమంటుంది, అందరికీ వినబడుతుంది.