మూడో పూట

మూడు పూటలు తన చేత్తో పిండి చూడనిదే మా ఆయన మైసయ్య బర్రెను కొనడు. పట్నంలో మా గౌలిపుర పాలవాళ్లందరిదీ అదే పద్ధతి. ముందు పూట పిండకుండా ఆపి, నిండు పొదుగు చూపించి అంటగట్టేవాళ్లు ఉంటారు. మూడో పూటకు ఆ నాటకం సాగదు. ఆ మూడో పూట కోసమే, బర్రె బేరానికి వెళ్లిన మైసయ్య తుపాను ముంచుకొస్తున్నా మొగలిదిబ్బలో ఉండిపోయాడు. మొండితనంలో ఆయనకు ఆయనే సాటి.

మొగలిదిబ్బ సముద్రం ఒడ్డున చిన్న ఊరు. ముందు సముద్రం, వెనక ఉప్పుటేరు, మధ్యన సన్నటి ఇసుక లంక మీద నాలుగు వీధులు. బయటికి ఒకటే వంతెన. పొద్దున జనాన్ని ఎక్కించుకుని వెళ్లిపోయిన ఆఖరి బస్సు ఈయన ఎక్కలేదు.

మధ్యాహ్నం వీడియో కాల్ చేశాడు. వెనక గాలి హోరు.

"ఫికర్ చెయ్యకు. తుపాను షెల్టర్ మేడ మీదున్న. బర్రెను రెండు ముళ్లేసి గట్టిగ కట్టిన. ఎటూ పోదు."

వానొస్తే మా ఇళ్లలో మొదటి పని అదే. కట్టకపోతే బర్రెలు రోడ్డెక్కుతాయి, లేదంటే నాలాలో పడతాయి. అందుకే నాకూ తప్పు తోచలేదు.

బర్రెను అమ్ముతున్న సుందరమ్మ పక్కనుంచి అరిచింది. "కట్టేశావా బాబూ! మావన్నీ పొద్దున్నే విప్పేశాం. నీళ్లొస్తే గేదె ఈదుకుంటూ పోద్ది. తాడుంటే ఎలా ఈదుద్ది?"

ఫోను కిందికి తిరిగింది. వీధి ఉండాల్సిన చోట నీళ్లు. రేకుల పాకలో బర్రె మెడ చాచి, ముట్టె పైకెత్తి నిలబడింది. తాడు బిగుసుకుపోయింది.

"నేనే కట్టిన నందినీ," అన్నాడు. దిగబోతున్నాడని ఆ గొంతులోనే తెలిసిపోయింది.

"దిగితే నా మీద ఒట్టే! నీకు ఈత రాదు. బర్రె పోతే ఇంకోటి కొంటం. నువ్వు పోతే యాడికెళ్లి తేవాలె?"

ఫోను సుందరమ్మ చేతికి ఇచ్చేశాడు. కొడవలి నడుముకు చెక్కుకుని మెట్లు దిగుతున్న ఆయన వీపు కనిపించింది. అంతే, బొమ్మ ఆగిపోయింది. మళ్లీ ఎన్నిసార్లు చేసినా కలవలేదు.

మా అత్త బుచ్చమ్మ మైసమ్మ తల్లికి మొక్కుతూ కూర్చుంది. నేను ఆయన్నీ, ఆ బర్రెనూ, సముద్రాన్నీ కలిపి తిట్టాను. ఇంతలో ఇక్కడా చినుకులు మొదలయ్యాయి.

"బర్రెలను కట్టు బిడ్డా," అంది అత్త.

కొట్టంలోకి వెళ్లి తాడు పట్టుకున్నాను. ముడి వేయడానికి చేతులు రాలేదు. పిచ్చిపనే అని తెలుసు. అయినా ఒక్కొక్కదాన్నే విప్పేశాను. బర్రెలన్నీ గల్లీలోకి నడిచాయి. ఆటోలు ఆగిపోయాయి. ఒకటే హారన్లు, తిట్లు.

"అరే అమ్మా, జానవర్‌కో సంభాలో!" బర్రెలను పట్టుకొమ్మని ఒక ఆటోవాలా అరిచాడు.

"నీ ఆటో తిప్పుకో భాయ్. నా బర్రెలు కదలవు!"

అప్పుడు మోగింది ఫోను. ఎవరిదో నంబరు.

"నందినీ..."

"సచ్చినవనుకున్న!" అని గల్లీ మధ్యలోనే ఏడ్చేశాను.

"తాడు కోసిన. దాని తోక పట్టుకున్న. అదే ఈదుకుంట గడ్డకేసింది." ఊపిరి తీసుకున్నాడు. "ఏంది ఆ లొల్లి?"

"మన బర్రెలను విడిచిన. రోడ్డు మీదున్నయ్."

వేరే రోజైతే నన్ను నమిలి మింగేవాడు.

"ఉండనీ. జర సేపు ఉండనీ."

కళ్లు తుడుచుకున్నాను. "మరి మూడో పూట పిండినవా?"

"పిండలే," అన్నాడు. "ఇంటికి తోలుకొస్తున్న."