తైలం పోసిన ఆంప్లిఫయరు

నా స్నేహితుడు క్వామె బదూను సమాధి చేసిన మరుసటి ఆదివారం నుంచి, అతని బేస్ గిటారు ఆంప్లిఫయరు మా సున్యాని ఊరి చర్చిలో బొంగురుగా మూలగసాగింది. గ్యారంటీ ఎప్పుడో తీరిపోయింది. కాల్చేయడానికి పాస్టరు గారు కిరసనాయిలు తెచ్చారు. బదూ గుర్తుగా నాకు మిగిలింది అదొక్కటే.

"అది బదూ గొంతే, ఎల్డరు గారూ. దయ్యంతో కలిసి పాటలు పాడమంటారా?" అన్నారాయన, సంఘ పెద్దనైన నాతో.

"ఒక్కసారి విప్పి చూడనివ్వండి, అయ్యగారూ. దయ్యమైతే ఎక్కడికీ పోదు లెండి."

వైరు మార్చాను. గిటారు ఊడదీశాను. అయినా మూలుగు ఆగలేదు. మూత విప్పితే, శబ్దం పెంచే మీట లోపలంతా జిడ్డు. వాద్యాలకు అభిషేక తైలం పూయడం మా ఆచారం. అంత్యక్రియల నాడు ఏడుస్తూ దీని మీద సీసా అంతా ఒంపేసింది నేనే.

పాస్టరు గారు పగలబడి నవ్వారు. "అయితే ఆ దయ్యం మీరేనన్నమాట!"

శుభ్రంగా తుడిచి, స్విచ్చి వేశాను. మూలుగు పోయింది. తృప్తిగా ప్లగ్గు పీకేశాను.

అప్పుడు ఆ పెట్టెలోంచి, కానుకలు పట్టేటప్పుడు బదూ వాయించే నాలుగు స్వరాలు నెమ్మదిగా, స్పష్టంగా వినిపించాయి.

"విన్నారా?" అని అడిగారు పాస్టరు గారు.

"ఏం వినాలండీ?" అన్నాను.

మందిరంలో నిలబడి నేనాడిన అబద్ధం అదొక్కటే. దాన్ని విన్న దేవుడు ఆ స్వరాలను కూడా విన్నాడా అని ఇప్పటికీ ప్రార్థనలో అడుగుతూనే ఉన్నాను.