ఆ కుర్రాడి కుడి భుజం

రిషితకి జడ వేస్తుంటే నా కుడి చెయ్యి సగంలో ఆగిపోయింది. పైకి రానంది. ఎడమ చేత్తో ఎలాగో పాయలు తిప్పి రబ్బరుబ్యాండు పెట్టాను. "ఇట్స్ ఓకే అమ్మా, నేను పోనీటెయిల్ వేసుకుంటా," అంది నా కూతురు. గరాజ్‌లోంచి రఘువీర్ కేకేశాడు. "పద్మజా, ఇంకా అవలేదా? పవన్ వాళ్ళు అప్పుడే స్టేడియం దగ్గరున్నారట."

చలికాలం నుంచీ ఉంది ఈ భుజం నొప్పి. ఫ్రోజెన్ షోల్డర్ అంది డాక్టర్. కొన్నాళ్ళు పిండి పిసకడాలు, బరువులెత్తడాలు మానకపోతే ఈ మాత్రం కూడా లేవదని చెప్పింది. ఇంటికొచ్చి ఆ మాట చెప్తే రఘువీర్ ఫోన్‌లోంచి తలెత్తలేదు. "రోజంతా లాప్‌టాప్ ముందు కూర్చుంటే అంతే. కాస్త కదిలిస్తే అదే సర్దుకుంటుంది," అన్నాడు. అత్తగారు వీడియో కాల్‌లో, "భుజం నొప్పి ఎవరికి లేదమ్మా, మేం రుబ్బురోళ్ళు తిప్పినవాళ్ళం," అన్నారు. ఆ తర్వాత ఇంట్లో నా భుజం గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను కూడా.

వచ్చే ఆదివారం ఇక్కడే డాలస్ పక్కన కాపెల్‌లో మా ఫ్రెండ్ పవన్ వాళ్ళ గృహప్రవేశం. "బొబ్బట్లు క్యాటరింగ్‌కి ఇవ్వకండి, అందరికీ మా పద్మజ చేస్తుంది" అని రఘువీర్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టేశాడు. ఆ సంగతి అందరితోపాటే నేనూ గ్రూప్‌లోనే చదివాను. అప్పటికే దాని కింద చప్పట్లు, దణ్ణాలు, "వదిన చెయ్యి పడితే చాలు" అన్న మాటలు. పూర్ణం ఉండలు కట్టి, పిండిలో పెట్టి, ఒక్కొక్కటే అరచేత్తో తట్టాలి. తట్టేది చెయ్యే అయినా భారమంతా భుజానిదే. అయినా కాదనలేదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. చెప్పిన పని చెప్పినట్టు చేశాను కాబట్టే ఇంతదూరం వచ్చానన్న నమ్మకం నన్నింకా వదల్లేదు. ఆఫీసులోనూ అంతే. రిలీజ్ ముందు టెస్టింగ్ ఎంత మిగిలినా "పద్మజ చూసుకుంటుంది" అని మా లీడ్ మీటింగ్ ముగిస్తాడు. నన్ను ఎవరైనా మెచ్చుకున్నారంటే వెనకాలే ఇంకో పని వస్తోందని అర్థం.

చిన్న లీగు జట్ల బేస్‌బాల్ ఆట అది. బయటి తిండి లోపలికి తేకూడదట. ఆ నిబంధన పెట్టినవాళ్ళెవరో గానీ వాళ్ళకి మనసులోనే దణ్ణం పెట్టుకుని, ఏమీ వండకుండా వచ్చి కూర్చున్నాను. ఒక పక్క రఘువీర్, అతని పక్కన పవన్. ఇంకో పక్క పవన్ భార్య రేష్మ. రిషిత మా ముందు వరసలో.

బంతి విసిరే కుర్రాడికి ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. మట్టిదిబ్బ ఎక్కి, టోపీ సర్దుకుని, కుడి భుజాన్ని ఒకసారి గుండ్రంగా తిప్పాడు. నా చూపు అక్కడే ఆగిపోయింది. ఏ చప్పుడూ లేకుండా, ఏ పట్టూ లేకుండా ఎంత సులువుగా తిరిగిందో ఆ భుజం. చెయ్యి వెనక్కి వెళ్ళి, చెవి పక్కనుంచి కొరడాలా ముందుకొచ్చింది. బంతి నాకు కనపడనేలేదు, అవతల గ్లవ్‌లో పడ్డ మోత మాత్రం వినపడింది. బ్యాటర్లు ఒకరి తర్వాత ఒకరు గాలిని కొట్టి వెళ్ళిపోతున్నారు.

అతను బెంచీ దగ్గరికి వెళ్ళగానే ఒకాయన నీళ్ళిచ్చాడు. ఇంకొకాయన ఆ కుడి చేతికి మాత్రమే జాకెట్ తొడిగాడు.

"ఒక్క చేతికేంటి?" అన్నాను.

"ఏప్రిల్ గాలి కదా, చల్లగా ఉంది. చెయ్యి చల్లబడితే మజిల్ పట్టేస్తుంది," అన్నాడు రఘువీర్. "పిచర్‌కి భుజమే ప్రాణం. ఇవాళ్టి ఆట అయ్యాక కొన్ని రోజులు అతన్ని అసలు ఆడించరు. ఐస్ పెడతారు, మసాజ్ చేస్తారు. చిన్నవాడు, పాపం."

పాపం అన్నాడు. నా మొగుడి గొంతులో అంత మెత్తదనం ఉందని నాకు తెలీదు. ఆ క్షణం నుంచి ఆట చూడలేకపోయాను. ఆ కుర్రాణ్ణే చూశాను. సిగ్గుగానే ఉంది చెప్పుకోవడానికి, వాడి వయసు మీదా కాదు, పేరు మీదా కాదు, ఒక జాకెట్ తొడిగిన చెయ్యి మీద అసూయపడ్డాను. నొప్పి అని నోరు తెరవకముందే ఆ చేతికి ఇంతమంది ఉన్నారు. నేను నోరు తెరిచి చెప్తే కదిలిస్తే అదే సర్దుకుంటుందన్నారు. ఒక్క బంతైనా చావగొట్టించుకోవాలి వీడు అనుకున్నాను. వాళ్ళమ్మ ఎక్కడో ఇక్కడే కూర్చుని ఉంటుందని తెలిసీ అనుకున్నాను.

కాసేపటికి కోచ్ మెల్లగా నడుచుకుంటూ మట్టిదిబ్బ దగ్గరికొచ్చాడు. ఏదో చెప్పి కుర్రాడి చేతిలోంచి బంతి తీసుకున్నాడు. చిన్నప్పటినుంచీ క్రికెట్ చూసినదాన్ని నేను. బౌలర్‌ని మధ్యలో తప్పించారంటే సరిగ్గా వెయ్యలేదనే. అయింది నీ పని అనుకుని లోలోపల సంతోషించాను.

స్టేడియమంతా లేచి నిలబడింది. చప్పట్లు. రఘువీర్ కూడా లేచి ఈలేశాడు.

"తీసేస్తే చప్పట్లు కొడతారేంటి?" అన్నాను.

"తప్పు చేసి కాదు పద్మజా. వేసిన బంతులు లిమిట్‌కొచ్చాయి, అదుగో బోర్డు మీద."

"బాగా వేస్తున్నాడుగా. ఇంకా వెయ్యగలడు."

"వెయ్యగలడు కాబట్టే ఆపాలి. వెయ్యగలడు కదా అని చెయ్యి పాడయ్యేదాకా వాడుకునేవాడు కోచేంటి?" అని, కూర్చుని నాచోస్ అందుకున్నాడు.

అందరూ కూర్చున్నారు. రేష్మ నా వైపు వంగింది. "అక్కా, పూర్ణానికి శనగపప్పు, బెల్లం రేపు మీ ఇంట్లో దించేస్తాం. మైదా ఎంత తేవాలో చెప్పండి."

"ఏమీ తేవద్దు రేష్మా. బొబ్బట్లు నేను చెయ్యట్లేదు."

"అయ్యో, ఏమైందక్కా?"

"భుజం లేవట్లేదు. డాక్టర్ మానెయ్యమంది. ఇర్వింగ్‌లో ఆర్డర్ మీద చేసేవాళ్ళున్నారు, నంబర్ పంపిస్తాను."

"అన్నా, అయితే పిండి నువ్వే పిసకాలిక," అన్నాడు పవన్. రేష్మ నవ్వు ఆపుకుంది. రఘువీర్ నవ్వలేదు.

"మాటిచ్చాం కదా. అందరి ముందూ ఇప్పుడిలా అంటే ఎలా?" అన్నాడు నా చెవి దగ్గర.

"మీరూ అందరి ముందే ఇచ్చారు," అన్నాను. మామూలు గొంతుతోనే.

మైదానంలో కొత్త పిచర్ బంతులు మొదలుపెట్టాడు. ఆ కుర్రాడు బెంచీ మీద కూర్చుని నవ్వుతూ ఎవరితోనో కబుర్లు చెప్తున్నాడు. నేను చెయ్యనన్నాక వాడి మీద అసూయ పోతుందనుకున్నాను, పోలేదు. వాడి చెయ్యి నొప్పెట్టకముందే ఇంకొకరు నడిచొచ్చి ఆపారు. నాది పైకి లేవడం మానేశాక కూడా నేనే ఆపుకోవాల్సి వచ్చింది.