పచ్చబడిన గడి

నర్సుగా పనిచేసే అక్క, నిండు గర్భిణి అయిన చెల్లెలి మూత్రంలో పరీక్ష పట్టీని ముంచి తీసి, నిమిషమాగి డబ్బా మీది రంగులతో పోల్చి చూసింది. ప్రోటీన్ గడి పసుపు నుంచి ముదురు పచ్చకు తిరిగింది. బీపీ, తలనొప్పితో మొదలై తల్లీబిడ్డల ప్రాణం మీదికి తెచ్చే జబ్బుకు గుర్తది.

"పద, ఆసుపత్రికి పోదాం."

"నాకేం జబ్బక్కా? ఆ పట్టీ పాతదేమో."

అక్క కొత్త డబ్బా విప్పి మళ్లీ ముంచింది. అదే పచ్చ.

"ఇదీ పాతదేనా? తలనొప్పి ఎన్నాళ్ల నుంచి దాస్తున్నావే?"

"చెబితే అక్కడే పడుకోబెడతారని..." చెల్లెలు నసిగింది.

అక్కకు ఒళ్లు మండింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత తన కోసమే పుట్టినట్టుంది. వంగి చెల్లెలికి చెప్పులు తొడగబోయింది. వాచిన పాదాలకు అవి పట్టలేదు.

చెల్లెలు వాటివంక కాసేపు చూసి, "ఉత్త కాళ్లతోనే వస్తాలే, పద," అంటూ లేచింది.