మేక నడిచిన దారి

అత్తగారి కంటికి ఆపరేషన్ చేయించడమే పెద్ద కోడలు చేసిన పొరపాటు. అంతకు ముందు ఆవిడకి అన్నీ మసకగా, అందువల్ల అందంగా కనిపించేవి. కూరలో మాడిన ముక్కా కనిపించేది కాదు, కోడలి మొహంలో విసుగూ కనిపించేది కాదు. పెరట్లో గులాబీల ముందు కుర్చీ వేసుకుని, "ఎర్రగా ఏదో తెలుస్తోందే పెద్దమ్మాయ్, నీ చేతి చలవ" అని రోజూ మెచ్చుకునేది. ఆ ఒక్క మాట కోసం పెద్ద కోడలు గులాబీలకి ఎరువు, టీ పిప్పి, బియ్యం కడిగిన నీళ్ళు వేళ తప్పకుండా అందించేది. మొగుడి కాఫీ ఆలస్యమైన రోజులున్నాయి గానీ గులాబీలు పస్తున్న రోజు లేదు.

కట్టు విప్పాక కుర్చీ మూలనున్న కంకరగుట్ట వైపు తిరిగింది.

ఆ గుట్ట చిన్న కోడలిది. ఆమె రాళ్ళ క్వారీలో లారీలు తూచే కాటా దగ్గర పనిచేస్తుంది. క్వారీ పక్క గట్టు మీద మండుటెండలో పసుపుపచ్చ అడవిపూలు పూస్తాయి. ఆ గట్టును పేల్చబోతున్నారని విని, గుప్పెడు గింజలు కొంగున ముడేసుకొచ్చి, ఇల్లు కట్టగా మిగిలిన కంకర మీద చల్లింది. అంతే. మొలకలొచ్చినా మళ్ళీ ఆ వంక చూడనైనా లేదు.

"కాసిని నీళ్ళు పొయ్యనా, పాపం?" అంది పెద్ద కోడలు, జాలి బొత్తిగా లేకుండా.

"వద్దక్కా. కడుపు నిండితే పూయవు. ఆకులేసుకుని కూచుంటాయి."

ఆ మాట తన గులాబీలనే అన్నట్టు తోచింది పెద్ద కోడలికి. కాసేపయ్యాక తననేనేమో అనిపించింది.

ఎండలు ముదిరి కొళాయి ధార సన్నబడింది. గులాబీలు తలలు వేలాడేశాయి. కంకరగుట్ట నిండా మాత్రం పసుపు ఆరబోసినట్టు పూలు. "రేకు మొదట్లో చిన్న మచ్చ కూడా ఉందే" అని అత్తగారు కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుంది. టీ గ్లాసు అంత దూరం మోసుకెళ్ళిన ప్రతిసారీ పెద్ద కోడలి కడుపు టీ కన్నా వేడిగా ఉండేది.

పూలు రాలి మొక్కలు ఎండుముఖం పట్టాయి. చిన్న కోడలు పుట్టింటికి వెళ్తూ, "వీటి బతుకే ఒక్క ఏడాదక్కా. ఎండాయని పీకెయ్యకు, కాయలు పగలాలి. గట్టు పోయింది కదా, ఈ గింజలు పోతే ఇంక దొరకవు" అని చెప్పింది.

"నాకేం పని పీకడానికి?" అంది పెద్ద కోడలు.

ఆ మర్నాడు అత్తగారు కునుకు తీస్తుండగా పని దొరికింది. మొక్కలన్నీ పీకి, కాడలు పట్టుకుని, తలలు నేలకి రాసుకుంటూ ఈడ్చింది. కొళాయి గట్టు చుట్టూ తిరిగింది, అక్కడ చెయ్యి మార్చుకుంది, గేటు గడియ తీసి చెత్తకుండీలో పడేసింది.

"ఎవరిదో మేక చొరబడిందే. నేను చూసేలోపే ఊడ్చేసింది" అని చెప్పింది తోడికోడలు తిరిగొచ్చాక.

చిన్న కోడలు చెప్పులు కూడా విప్పకుండా గుట్ట మీద కూర్చుని, చీకటి పడేదాకా రాళ్ళ సందుల్లో వేళ్ళు పెట్టి వెతికింది. ఒక్క గింజా దొరకలేదు. అత్తగారి కుర్చీ మళ్ళీ గులాబీల దగ్గరికి వచ్చింది గానీ, చేతి చలవ మాట మాత్రం రాలేదు.

మరుసటి ఏడు తొలకరి తరవాత పెరటి దారిలో ఏవో మొలకలు లేచాయి. పెద్ద కోడలు వాటిని పోల్చుకోలేదు సరికదా, తన చలవే అనుకుని మురిసి, వాటి చుట్టూ కలుపు కూడా తీసింది. ఎండలొచ్చాక ఒక పొద్దున అవి పూశాయి. పసుపుపచ్చగా, రేకు మొదట్లో మచ్చతో.

అత్తగారు కుర్చీ వేసుకుని ఆ వరుసని ఈ చివర నుంచి ఆ చివరకి చూసింది. పక్కనే చిన్న కోడలు నిలబడింది.

"తెలివైన మేకే పెద్దమ్మాయ్" అంది అత్తగారు. "తిన్నగా కొళాయి దాకా వచ్చింది. ఇక్కడ గుబురుగా ఉన్నాయి చూడు, కాస్త అలుపు తీర్చుకుంది. గట్టు చుట్టి, గేటు గడియ తీసుకుని మరీ వెళ్ళింది."

పెద్ద కోడలు చేతిలోని టీ గ్లాసులు కొళాయి గట్టు మీద పెట్టి, తోడికోడలి వైపు తిరిగింది.

"మేకా లేదు, ఏమీ లేదు. నేనే పీకాను. అత్తయ్య కుర్చీ నీ వైపు జరిగిందని కుళ్ళుకుని పీకాను. నాదే తప్పు."